చూపనిదే చెప్పరాదు

బజారులో కూర్చున్నవాడికి ఒక సంగతి తెలుసు. సరుకు చూపించకుండా బేరం మొదలుపెడితే కొనేవాడు నమ్మడు. అయితే సరుకు చూపించడమే వ్యాపారం అనుకున్నవాడు పొద్దుగూకేదాకా అన్నీ విప్పి చూపించి, ఏదీ అమ్మకుండా, అన్నీ మళ్ళీ మడతపెట్టుకుని ఇంటికి పోతాడు. మొదటి ముక్క సర్కారువారికి ఎవరో చెప్పారు. రెండో ముక్క చెప్పేవాడు లేకపోయాడు. అందువల్ల ఆ ఏడు సోషల్ పంతుళ్ళ శిక్షణ ఈ విధంగా జరిగింది.

ఒక పెద్ద అధికారి ఎక్కడో ఒక బడికి తనిఖీకి వెళ్ళి, ఆరో తరగతిలో ఒక పిల్లను లేపి పీఠభూమి అంటే ఏమిటని అడిగారు. ఆ పిల్ల ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది.

"నువ్వెప్పుడైనా పీఠభూమిని చూశావా?"

"లేదండీ."

"చూడకుండా ఎలా చెప్పావు?"

"టీచరు చెప్పిందండీ."

అధికారి కుర్చీలో కూలబడ్డారు. దేశంలో పిల్లలు తాము చూడని సంగతుల గురించి మాట్లాడుకుంటున్నారని ఆయనకు ఆ రోజే తెలిసింది. నెల తిరిగేలోపల దృశ్యబోధనా ప్రాధికార సంస్థ పుట్టింది. దానికో భవనం, భవనం ముందు జీపు, జీపు మీద బోర్డు, బోర్డు మీద ఇంత కన్ను. ఇన్ని పుట్టాక రూలు పుట్టకుండా ఉండదు కదా. పుట్టింది.

"సాంఘిక శాస్త్ర తరగతి యందు ఉచ్చరింపబడు ప్రతి నామవాచకమునకును తగు నమూనాను ప్రదర్శింపవలెను. చూపనిదే చెప్పరాదు. చూపక చెప్పిన ప్రతి మాటకును ఒక మార్కు కోత విధింపబడును."

లెక్కల పంతుళ్ళకీ తెలుగు పంతుళ్ళకీ ఈ రూలు ఎందుకు లేదని అడగకూడదు. అధికారి తనిఖీకి వెళ్ళిన పీరియడు సోషల్‌ది. అంతే.

ఉప్పుగుంటపాలెం బజారులో ఫ్యాన్సీ కొట్టు కొలిశెట్టి చినపిచ్చయ్య కూతురు వారిజ ఈ రూలు కింద పడ్డ మొదటి మనుషుల్లో ఒకతె. ఎం.ఏ. చదివింది. ఊళ్ళో అంకమ్మరావు గారి ప్రైవేటు బడిలో చాలా ఏళ్ళుగా సోషల్ చెబుతోంది. ఆమె పాఠమంటే పిల్లలు ఒంటేలుకు కూడా అడిగేవాళ్ళు కాదు. కొట్టులో పుట్టి పెరిగిన మనిషి కనుక చరిత్ర అంతా ఆమెకు బజారులాగే కనిపించేది. షాజహాను పెట్టుబడంతా కట్టడాల్లో ఇరికించి చేతిలో తిరుగుడు డబ్బు లేక దెబ్బతిన్నాడనీ, ఈస్టిండియా కంపెనీవాడు ముందు గుమ్మంలో నిలబడి నమస్కారం పెట్టి, తర్వాత అరుగు మీద కూర్చుని, ఆ తర్వాత గల్లాపెట్టె దగ్గరికి జరిగాడనీ చెప్పేది. పిల్లలు నవ్వేవాళ్ళు. నవ్విన పాఠం మర్చిపోరు.

అన్నీ ఉన్నాయి, బి.ఇడి. ఒక్కటే లేదు. ఆ ఒక్కటీ లేకపోతే తక్కినవి లెక్కలోకి రావని ఒక రోజు అంకమ్మరావు గారు పిలిచి చెప్పారు.

"వారిజమ్మా, నీ పాఠం సంగతి నాకు తెలుసు, పిల్లకాయలకి తెలుసు. ఆఫీసోళ్ళకి తెలవదు గదా! ఆ కాయితం లేకపోతే నీ కుర్చీలో ఇంకోర్ని కూసోబెట్టాల. నా చేతిలో ఏం లేదు తల్లీ."

వారిజ ఇంటికి వచ్చి తండ్రితో చెప్పింది. చినపిచ్చయ్య కూతురి ముఖం చూడలేదు, ముందు రూలు చదవమన్నాడు. చదివింది.

"సర్కారు రూలు వచ్చిందంటే ఏదో ఒక సరుకు కదలాల. దీనికి ఏ సరుకు కదులుద్దే?" అన్నాడు.

"థర్మోకోల్ నాన్నా."

ఆయన అప్పుడే చెప్పులు తొడుక్కుని బస్టాండుకు బయల్దేరాడు. కూతురు సంగతి ఆమె చూసుకోగలదని ఆయనకు నమ్మకం. సరుకు సంగతే, ఆలస్యమైతే ఇంకొకడు చూసుకుంటాడు.

అట్లా వారిజ పక్క ఊళ్ళోని అఖండ విద్యోదయ ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చేరింది. మొదటి రోజు ప్రిన్సిపాల్ డాక్టర్ సర్వోత్తమరావు గారు వేదిక ఎక్కారు. ఆయన భుజం మీద కండువా, కండువా మీద సంస్థవారిచ్చిన కన్ను బిళ్ళ.

"శిక్షణార్థులారా! ఇంతవరకు బోధన యనునది కేవలము ఒక శ్రవణ వ్యసనముగా పరిణమించి యుండెను. నేటి నుండి ఇది ఒక చాక్షుష యజ్ఞము! సమిధలు మీరు!"

వారిజ పక్కన కూర్చున్న కుర్రవాడు ఆమె వైపు వంగాడు. బత్తుల యేసుపాదం అతని పేరు. సన్నగా, ఎప్పుడూ నవ్వబోతున్నట్టు ఉంటాడు.

"అక్కా, చాక్షుషం అంటే ఏందక్కా?"

"కళ్ళకు సంబంధించింది తమ్ముడూ."

"మరి ఆయన చూపించకుండానే అన్నాడే?"

వారిజ పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ క్షణం నుంచి ఇద్దరికీ పొత్తు కుదిరింది.

ప్రాక్టీసు పాఠాలు ఆ ఊరి సర్కారు హైస్కూల్లో. వారిజకు ఎనిమిదో తరగతిలో రుతుపవనాల పాఠం పడింది. బండి మీద తెచ్చుకున్న సరంజామా అంతా దింపుకుంది. ప్లైవుడ్డు పడమటి కనుమలు, దూది మేఘాలు, మొక్కలకు నీళ్ళు పోసే రోజా డబ్బా. నైరుతి రుతుపవనాలకు నమూనాగా, పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే నిలువు ఫ్యాను. ఫ్యాను వేసింది. దూది మేఘాలు బ్రహ్మాండంగా కదిలి కనుమలకు తగిలాయి. యేసుపాదం బెంచీ ఎక్కి వాటి వెనక నుంచి డబ్బాతో వాన కురిపించాడు. ముందు వరుస పిల్లలు తడిసి కేరింతలు కొట్టారు. అంతలో కరెంటు పోయింది.

మేఘాలు కనుమల మీద కూలబడ్డాయి.

వెనక బెంచీలో కూర్చుని మార్కులు వేస్తున్న సర్వోత్తమరావు గారు లేచి చప్పట్లు కొట్టారు. "భేష్! అనావృష్టిని కూడా ప్రదర్శించితివి! పాఠ్యప్రణాళికలో అది తరువాతి అధ్యాయము. ఉభయమునకు మార్కులు వేయుచున్నాను. అయితే, నీవిప్పుడు 'రైతు ఆకాశం వైపు చూస్తాడు' అంటివి. ఆకాశము కిటికీలోనుండి కనబడుచున్నది, సరే. రైతు ఏడీ?"

"ఈ పిల్లల నాన్నలే గదండీ సార్."

"పిల్లలు తండ్రులకు నమూనాలు కాజాలరు."

ప్యూను పరిగెత్తి పొలంలోంచి ఒక పెద్దమనిషిని పట్టుకొచ్చాడు. భుజాన పారతో, కాళ్ళకు బురదతో ఆయన బల్ల పక్కన నిలబడ్డాడు.

"నన్నెందుకు పిలిపించారయ్యా? మావోడేమన్నా అల్లరి చేశాడా?"

"లేదు పెద్దాయనా. మీరు నామవాచకం. కదలకుండా నిలబడండి," అన్నాడు యేసుపాదం.

"అంటే ఎంతసేపు?"

"గంట కొట్టేదాకా."

ఆ సంగతి తెలిశాక తక్కిన శిక్షణార్థులు కూడా ఆయన కోసమే ఎగబడ్డారు. సోషల్లో రైతు లేని పాఠం తక్కువ. ఉదయం భూసంస్కరణల్లో నిలబడి, మధ్యాహ్నం హరిత విప్లవంలో నిలబడి, సాయంత్రానికి నీలిమందు తిరుగుబాటులో నిలబడేసరికి ఆయన పొలంలో నారు ఎండింది. దాంతో ఆయన దణ్ణం పెట్టి రావడం మానేశాడు. కళాశాలవాళ్ళు థర్మోకోల్ రైతును చేయించుకున్నారు. అసలు రైతు కంటే ఇదే మేలని సర్వోత్తమరావు గారు అభిప్రాయపడ్డారు. ఇది గిట్టుబాటు ధర అడగదు.

అక్కడితో ఆ చుట్టుపక్కల థర్మోకోల్ అన్నది కంటికి కనపడకుండా పోయింది. ఉన్నదంతా చినపిచ్చయ్య కొట్టు మేడ మీద ఉంది. మాఘమాసంలో పెళ్ళిళ్ళవాళ్ళు వధూవరుల పేర్లు అట్టముక్కల మీద రాసి మండపానికి కట్టుకున్నారు. ఫోటోల్లో చూస్తే 'అద్దెకు ఇవ్వబడును' బోర్డుల్లా ఉన్నాయి.

కొండలకూ నదులకూ నమూనాలు కుదిరాయి. రైతు కూడా కుదిరాడు. చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆరో నెల గడిచేసరికి భూగోళం అయిపోయి పౌరశాస్త్రం వచ్చింది. స్వేచ్ఛ, సమానత్వం, ప్రజాస్వామ్యం. ఈ సరుకు ఏ గోడౌన్లో దొరుకుతుంది? సంస్థవారు ఒక కమిటీ వేశారు. అమూర్త భావనల మూర్తీకరణ కమిటీ అని పేరు. ఆ కమిటీ అన్ని ఊళ్ళూ తిరిగి, అన్ని అతిథిగృహాల్లో బసచేసి, ప్రామాణిక నమూనాలు ఖరారు చేసింది. కళాశాల స్టోరు గదికి పెట్టెలు వచ్చాయి.

సమానత్వానికి ఒకే ఎత్తు కొయ్యబొమ్మలు రెండు. వాటితో పాటు ఒక సూచన: "అధికారుల గదులలో ఉంచవలసిన సమానత్వము తక్కినవాటికన్న జానెడు పొడవుగా నుండవలెను."

ప్రజాస్వామ్యం నమూనా గుమ్మంలో పట్టలేదు. కిటికీ చువ్వలు ఊడదీసి లోపలికి తోశారు.

స్వేచ్ఛకు పంజరంలో తెల్ల పావురం. పాఠంలో స్వేచ్ఛ అన్న మాట రాగానే తలుపు తెరవాలి. తెరిచారు. అది ఎగిరిపోయింది. సాయంత్రం స్టోరుకు ఖాళీ పంజరాలు తిరిగొచ్చాయి. స్టోరు కీపరు బోర్డు మీద రాశాడు: "స్వేచ్ఛ నిల్వ లేదు." పైనుంచి చీవాట్లు పడ్డాయి. ఆ తర్వాత వచ్చిన పావురాలకు రెక్కలు కత్తిరించి పంపారు. వాటికి తలుపు బార్లా తెరిచినా అవి బయటికి రాలేదు. గింజలు తింటూ లోపలే కూర్చున్నాయి. స్టాకు సరిపోయింది. కమిటీవారు ఎంతో సంతోషించారు.

అవినీతి పాఠానికి మాత్రం పెట్టె రాలేదు. దానికి విడిగా నమూనా ఎందుకు, కమిటీవారు వచ్చినప్పుడు దిగిన గ్రూపు ఫోటో ఉంది కదా అని యేసుపాదం అన్నాడు. సర్వోత్తమరావు గారు ఆ మాట వినలేదు. వినలేదని రెండుసార్లు చెప్పారు.

ఈ సరంజామా అంతా హైస్కూలు గదుల్లోకి చేరేసరికి ఇంకో ఇబ్బంది తేలింది. పిల్లలు కూర్చోవడానికి చోటు లేదు. హిమాలయాలు మూడు బెంచీలు పట్టాయి. పార్లమెంటు రెండు. మౌర్య సామ్రాజ్యం నల్లబల్ల నుంచి గుమ్మం దాకా. పిల్లలు సందుల్లోంచి తలలు పెట్టి చూసేవాళ్ళు. ఒకడు వింధ్య పర్వతాల మీద మోచెయ్యి ఆనిస్తే అవి విరిగాయి. సంస్థకు నివేదిక వెళ్ళింది. తిరుగు టపాలో ఉత్తర్వు వచ్చింది.

"విద్యార్థుల స్పర్శ వలన బోధనా సామగ్రికి నష్టము వాటిల్లుచున్నందున, పాఠము జరుగు సమయమున విద్యార్థులను తరగతి గది వెలుపల ఉంచవలెను."

పిల్లలు వరండాలోకి వెళ్ళారు. సంతోషంగానే వెళ్ళారు.

అయితే పాఠ్య ప్రణాళికలో "విద్యార్థులు" అన్న మాట ప్రతి పేజీలోనూ ఉంది. అదీ నామవాచకమే. చూపాలి. కనుక థర్మోకోల్ పిల్లల్ని చేయించి మిగిలిన బెంచీల మీద కూర్చోబెట్టారు. జడలు, రిబ్బన్లు, బ్యాగులు, అన్నీ అచ్చు గుద్దినట్టు కుదిరాయి. వాళ్ళు మాట్లాడరు, ఆవలించరు, బయటికి పోతానని అడగరు. ఆ నెల హైస్కూలుకు క్రమశిక్షణలో జిల్లా మొదటి బహుమతి వచ్చింది.

"అక్కా, నేను ప్రశ్న అడిగితే మా క్లాసులో ఒక్కడు కూడా తప్పు చెప్పలా," అన్నాడు యేసుపాదం.

వారిజ నవ్వింది గాని, లోపల ఆమెకు గుబులుగా ఉంది. బజారులో ఏ సరుకైనా కొనేవాడి ముఖం చూసి అమ్మాలి. ముఖం లేని చోట నోరు ఎట్లా తెరుచుకుంటుంది? థర్మోకోల్ పిల్లల ముందు నిలబడితే ఆమె చెప్పిన వాక్యమే మళ్ళీ చెప్పేది. ఒకసారి మధ్యలోనే ఆగిపోయింది. ఇట్లా అయితే చివరి పాఠంలో తప్పడం ఖాయం. తప్పితే కాయితం రాదు. కాయితం రాకపోతే జూన్‌లో ఆమె కుర్చీలో వేరొకరు కూర్చుని, షాజహాను జన్మించెను, షాజహాను మరణించెను అని నోట్సు చెప్పించి పోతారు. ఆ మాట తలుచుకుంటేనే ఆమెకు అన్నం సయించేది కాదు.

చివరి పాఠం రోజు రానే వచ్చింది. పరీక్షాధికారిగా సంస్థనుంచి విశ్వంభరం గారు జీపులో దిగారు. పొడుగాటి మనిషి, ఇస్త్రీ మడత నలగని ప్యాంటు, మెరిసే బూట్లు. చూపకుండా చెప్పిన మాటను గాల్లో ఉండగానే పట్టుకుంటారని ఆయనకు పేరు. వస్తూనే థర్మోకోల్ పిల్లల హాజరు చూసుకుని, తృప్తిగా తల ఊపి, కుర్చీలో కూర్చున్నారు.

ముందు యేసుపాదం వంతు. హిమాలయాల పాఠం. "ఇది ఎవరెస్టు" అని చెయ్యి చాపాడు. విశ్వంభరం గారి వీపు వెనక గోడ మేకుకు తగిలించిన ఎవరెస్టు ఊడి ఆయన నెత్తిన పడింది.

"ఫెయిల్," అన్నారు ఆయన, ఎవరెస్టులోంచి.

యేసుపాదం బయటికి వచ్చాడు. నవ్వబోతున్నట్టుండే ముఖం ఎప్పటిలాగే ఉంది గాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మంచు పడిందక్కా, ఏం చేస్తాం," అన్నాడు.

తర్వాత వారిజ. ప్రాథమిక హక్కుల పాఠం. సమానత్వాన్ని రెండు చేతులతో పైకెత్తి చూపింది. పంజరం తలుపు తీసింది. పావురం బద్ధకంగా ఒక కన్ను తెరిచి మూసుకుంది. అంతవరకూ బాగానే ఉంది. థర్మోకోల్ పిల్లలు తెల్లగా, కదలకుండా చూస్తున్నారు. ఆమె చెప్పిన వాక్యమే మళ్ళీ చెప్పింది.

ఊపిరి కోసం కిటికీ వైపు తిరిగింది. కిటికీ నిండా తలలు. వరండాలో ఉన్న అసలు పిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు ఎక్కి లోపలికి చూస్తున్నారు. నోళ్ళు తెరుచుకుని, ముక్కులు చువ్వల్లో దూర్చి.

అంతే. ఆమె రూలు సంగతే మర్చిపోయింది.

"హక్కంటే ఏందనుకున్నారర్రా? మిమ్మల్ని గదిలోంచి బయటికి పంపిచ్చారు గదా, పోతూ ఎందుకూ అని అడిగారా? అడగలా! ఆ అడగడమే హక్కు. సంతలో తూకం తక్కువేసినోణ్ణి మీ అమ్మ ఊరుకుంటదా? తక్కెడ ఎత్తి పట్టమంటది. రాజ్యమన్నా అంతే, తక్కెడ ఎత్తి పట్టమనాల..."

పిల్లలు కిలకిల నవ్వారు. ఒక పిల్ల చువ్వల్లోంచే చెయ్యెత్తి, "టీచర్, మరి తక్కెడ వాడిదే, రాళ్ళూ వాడివే అయితే?" అని అడిగింది. వారిజ చప్పట్లు కొట్టి, "అందుకే కోర్టు!" అంటూ ఎత్తుకుంది. అమ్మ, సంత, తక్కెడ, రాజ్యం, కోర్టు, ఒక్కదానికీ నమూనా లేదు. విశ్వంభరం గారి పెన్సిలు కోతలు కోస్తూ సున్నా దాటి కిందికి దిగిపోయింది. సున్నా కింద మార్కులు రాసే గడి లేక ఆయన పెన్సిలు పక్కన పెట్టి లేచారు.

"ఆపండి! తీవ్రమైన అతిక్రమణ. ఫెయిల్!"

కిటికీలో తలలు మాయం. వారిజ ఒక్క క్షణం నేలకేసి చూసింది. చదువు కంటే ముందు నేర్చిన విద్య ఒకటి ఆమెకు ఉంది. ఎదుటివాడు ఎంత గట్టిగా చెబితే అంత మెత్తగా అడగాలి.

"ఏదండీ సార్?"

"ఏమిటి ఏది?"

"ఇప్పుడు తమరన్నది. ఫెయిల్ అన్నారు. ఒక్కసారి చూపించండి."

విశ్వంభరం గారు బల్ల మీదా కిందా వెతికారు. వెనక్కి తిరిగి సర్వోత్తమరావు గారి వైపు చూశారు. ఆయన రూలు పుస్తకం తిరగేశారు.

"తరగతి యందు ఉచ్చరింపబడు... ప్రతి... నామవాచకమునకును..." అని చదివి, కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "ఎవరిచే ఉచ్చరింపబడునదియు ఇందు చెప్పబడలేదండి."

"స్టోరులో చూడండి!"

స్టోరు కీపరు వచ్చాడు. "సార్, అపజయం నిల్వ లేదండి. అసలు ఇండెంటే పెట్టలేదండి. ఉత్తీర్ణత ఉందండి." వెండి కాగితం చుట్టిన కప్పు ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

విశ్వంభరం గారు 'తప్పారు' అందామనుకున్నారు. దానికీ లేదు. 'చాలలేదు' అందామనుకున్నారు. ఏం చాలలేదని అడిగితే చూపాలి. చూపనిదే చెప్పరాదన్న వాక్యానికి కన్ను ఆకారం ముద్ర వేయించింది స్వయంగా ఆయనే. చెంపలు ఉబ్బించారు, చెయ్యి గాల్లో రెండుసార్లు అడ్డంగా ఊపారు. అదేమిటని వారిజ వినయంగా అడిగింది. చివరికి, మాట లేకుండా, వెండి కాగితం కప్పును రెండు వేళ్ళతో ఎత్తి ఆమెకు చూపించి మళ్ళీ దించారు.

గుమ్మం దగ్గర నక్కి వింటున్న యేసుపాదం లోపలికి దూకాడు. "సార్, పొద్దున నాకన్నది గూడా ఒకసారి చూపించండి సార్!"

కప్పు మళ్ళీ లేచింది. ఆ సాయంత్రానికి దాని వెండి కాగితం ఊడిపోయింది గాని, కళాశాల ఫలితం నూటికి నూరు. అపజయానికి ప్రామాణిక నమూనా కావాలని సంస్థవారు ఆ వారమే పేపర్లో ప్రకటన ఇచ్చారు. వచ్చిన బొమ్మలన్నిటిలోనూ ఒకే భవనం ఉందట, ముందు జీపుతో సహా.

జూన్ వచ్చింది. వారిజ కాయితం తీసుకుని అంకమ్మరావు గారి బడికి వెళ్ళింది. అయితే ఆమె లేనప్పుడు రూలు అక్కడికీ వచ్చేసింది. ఏడో తరగతిలోకి అడుగుపెట్టి "ఈ రోజు మనం కృష్ణానది గురించి..." అనేసరికి పిల్లలంతా ఒక్క గొంతుతో, "చూపించండి టీచర్!" అన్నారు. చూపించనిదే వినకూడదని వాళ్ళకు అలవాటు చేసి పెట్టారు.

బడికి ఒక నది ఉండేది. నీలం రంగు వేసిన థర్మోకోల్‌ది, పొడవుగా. ఆ ఉదయం వీచిన ఈదురుగాలికి అది వరండాలోంచి లేచి, రోడ్డు దాటి, ఎదురింటి డాబా మీద ఆరేసిన వడియాలలో కలిసింది. దాన్ని తేవడానికి ప్యూను నిచ్చెన కోసం వెళ్ళాడు. సరిగ్గా అప్పుడే వీధిలో కన్ను బోర్డున్న జీపు ఆగింది.

అంకమ్మరావు గారు కిటికీ దగ్గరికి పరిగెత్తుకొచ్చారు. "అమ్మా వారిజా, ఆయనే! నీ పేరు అడిగి మరీ వచ్చాడు. నీకు దణ్ణం పెడతా, నోరిప్పమాక. నమూనా లేకుండా ఒక్క మాటన్నా నీ కాయితం రద్దు చేత్తాడంట, జేబులో ఆర్డరు గూడా ఉందంట!"

విశ్వంభరం గారు లోపలికి వచ్చి, వెనక బెంచీలో కూర్చుని, ఇస్త్రీ మడతలు సర్దుకుని, పెన్సిలు మొన చూసుకున్నారు.

"కానివ్వండి టీచరు గారూ. ఏ పాఠము?"

వారిజ నల్లబల్ల వైపు చూసింది. ఖాళీ. బల్ల మీద చూసింది. డస్టరు. పిల్లల వైపు చూసింది. నలభై పైచిలుకు ముఖాలు, కళ్ళు ఇంతింత చేసుకుని. ఈ కళ్ళే ఇప్పుడు కొంప ముంచేవి అనుకుంది. అనుకున్న మరుక్షణం ఆమెకు నవ్వొచ్చింది.

"అందరూ కళ్ళు మూసుకోండి," అంది.

మూసుకున్నారు. విశ్వంభరం గారు లేచారు. "ఇదేమిటి? చూపవలసిన చోట మూయించుటయా?"

"కళ్ళు మూసుకున్నోళ్ళకి ఏం చూపిస్తామండీ సార్? చూసేవాళ్ళుంటే గదా చూపించడం. ఇప్పుడీ గదిలో నేను గాక కళ్ళు తెరిచి ఉన్నది తమరొక్కరే. తమరు గూడా మూసుకుంటే ఇంక చూపించాల్సిన వాళ్ళే ఉండరు."

ఆయన ఆలోచించారు. రూలు ఎటు తిప్పి చూసినా ఆమె మాటకు అడ్డం రాలేదు. "సార్, మూసుకోండి సార్, బాగుంటది," అని పక్క బెంచీ పిల్ల కళ్ళు మూసుకునే చెప్పింది. ఆయన కూర్చున్నారు. ఒక కన్ను మూశారు. కాసేపాగి, పెన్సిలు జేబులో పెట్టుకుని, రెండోది మూశారు.

వారిజ మెల్లిగా మొదలుపెట్టింది.

"మహాబలేశ్వరం కొండల్లో, రాతి సందులోంచి సన్నటి ధార. చెంబు పెడితే నిండటానికి ఎంతోసేపు పడుద్ది. అంత చిన్నది. వేలు పెట్టండి, చల్లగా లేదూ? పెట్టారా? ఇప్పుడది కొండ దిగుతోంది. చేతిలో పెట్టుబడి లేదు, తోడు లేదు. దారిలో కనపడ్డ ప్రతి వాగునీ పిలుస్తోంది, రావే, పొత్తు కలుద్దాం అని. అదిగో భీమ వచ్చింది. తుంగభద్ర వచ్చింది, ఎర్రటి ఒండ్రు చీరె కట్టుకుని. ఇప్పుడు చూడండి దీని జోరు! శ్రీశైలం దగ్గర కొండల మధ్య ఇరుకు. అరిస్తే మన గొంతు మనకే తిరిగొస్తది..."

వెనక వరుసలో ఎవరో సన్నగా "ఓ..." అన్నారు. ముందు వరుసలోంచి ఇంకొకరు "ఓ..." అని బదులిచ్చారు.

"సాగర్ దాటింది. కొండలు పక్కకు తప్పుకున్నాయి. నేల చదును. ఇంక దీనికి తొందర లేదు, నిండు మనిషిలాగా నడుస్తోంది. అమరావతి. బెజవాడ. బ్యారేజీ తలుపులెత్తారర్రా, వస్తోంది, కాలవల్లోకి వస్తోంది, మన ఊరి వైపే వస్తోంది, పొలాల్లోకి, మన బడి గోడ దాకా, గుమ్మం దాకా, అదిగో గుమ్మం దాటింది..."

పిల్లలందరూ ఒక్కసారిగా కాళ్ళు బెంచీల మీదికి లాక్కున్నారు. కళ్ళు తెరిచి ఉన్నది వారిజ ఒక్కతే. అందుచేత ఆ దృశ్యం ఆమె మాత్రమే చూసింది. విశ్వంభరం గారు, కళ్ళు గట్టిగా మూసుకుని, ఇస్త్రీ మడతలు నలుగుతున్నా లెక్కచేయకుండా, రెండు చేతులతో ప్యాంటు అంచులు మోకాళ్ళ దాకా ఎత్తి పట్టుకున్నారు.

గంట కొట్టాక ఆయన లేచారు. వరండాలో నిలబడి తనిఖీ నివేదిక రాసి, అంకమ్మరావు గారి చేతిలో పెట్టి, బూట్లు విదిలించుకుంటూ జీపు ఎక్కారు. అంకమ్మరావు గారు గుమ్మం దగ్గరే నిలబడి చదివారు.

"ఉపాధ్యాయిని అర్హతలు సరిపోయినవి. కొనసాగింపవచ్చును. ఏడవ తరగతి గది యందు నీరు నిలుచుచున్నట్లు గమనించడమైనది. తక్షణము మరమ్మతు చేయింపవలెను."

ఆయన కాయితం మీంచి తల ఎత్తి గదిలోకి చూశారు. పిల్లలు ఇంకా కాళ్ళు పైకే పెట్టుకుని కూర్చున్నారు. నేల మీద సుద్దముక్క దుమ్ము తప్ప ఏమీ లేదు. అంకమ్మరావు గారు ఎందుకైనా మంచిదని పంచె మోకాళ్ళ పైకి ఎగగట్టి లోపలికి అడుగుపెట్టారు.